ఇంటికి ఒక్క టార్చిలైటే కొనాలంటే: లోపలే బ్యాటరీ ఉన్నదా, సెల్లులు మార్చుకునేదా?

పెదవాల్తేరు నుంచి
మా అమ్మగారి ఇంటికి ఒక టార్చిలైటు కొనాలి. డాబాగార్డెన్స్‌లో దుకాణదారు చూపించినవన్నీ దాదాపు ఫోను ఛార్జరుతో ఛార్జి చేసుకునేవే. లోపలి బ్యాటరీని మనం తీయలేము. మా అన్నయ్యేమో హుద్‌హుద్ తుఫాను నాడు పడ్డ పాట్లు చాలవా, సెల్లులు వేసుకునేదే కొనమంటున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రాత్రివేళ మెట్లు దిగి పెరట్లోకి వెళ్లవలసి వస్తుంది. ఏది మేలో కారణాలతో సహా చెప్పగలరు.

కంచరపాలెం నుంచి
మీ అన్నయ్యగారి మాటే నా మాట. 2014 అక్టోబరు 12న తుఫాను మధ్యాహ్నం తీరం దాటింది. విశాఖ నగరంలో చాలా పేటలకు ఆ తరువాత రోజుల తరబడి కరెంటు రాలేదు. ఛార్జింగు టార్చి అటువంటప్పుడు ఒకసారి ఖాళీ అయితే చేతిలో బరువే తప్ప మరేమీ కాదు, సెల్లులదైతే కొత్త జత వేసుకుంటే చాలు. తుఫాను సంగతి అలా ఉంచినా, లిథియం బ్యాటరీ వేడిలో, అందులోనూ నిండుగా ఛార్జయి ఉన్న స్థితిలో, త్వరగా ముసలిదవుతుంది. ఎల్ఈడీ నిక్షేపంగా ఉండగానే టార్చి మొత్తాన్ని పారేయవలసి రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సీతమ్మధార నుంచి
కంచరపాలెం వారు సెల్లుల రెండో ముఖం చూపించలేదు. అవసరానికని బీరువాలో దాచిన టార్చిని నెలల తరువాత తెరిస్తే ఆల్కలైన్ సెల్లు కారి, కొన దగ్గర తెల్లటి పొడి పేరుకుని, స్ప్రింగు పచ్చని చిలుము పట్టి ఉంటుంది. మన ఊరి ఉప్పుగాలి దానికి తోడు. పైగా కరెంటు పోయిన చీకట్లో ఆ పెద్దావిడ మూత విప్పి, ఏ కొన ఎటో తడుముకుని సెల్లులు వేయగలరా? పవర్‌బ్యాంకు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. లోపలి బ్యాటరీ ఖాళీ అయినా దానితో నింపుకోవచ్చు. 2014 నాటి వాదన ఈనాటికి సగమే చెల్లుతుంది.

భీమిలి నుంచి
ఇద్దరూ బ్యాటరీ దగ్గరే ఆగిపోయారు, ఆవిడకు కావలసిన వెలుగు ఎటువంటిదో ఎవరూ అడగలేదు. డబ్బా మీద అచ్చువేసే ల్యూమెన్ల సంఖ్య మొత్తం వెలుగు ఎంతో చెబుతుంది, అది ఎక్కడ పడుతుందో చెప్పదు. దూరాన్ని తేల్చేది క్యాండెలా, అంటే ఒక దిక్కున కిరణం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలత. టార్చిల కొలతలకు పాటించే ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం, ఒక చోట పడే వెలుగు 0.25 లక్సుకు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంతకు, తగ్గేచోటునే టార్చి దూరంగా లెక్కిస్తారు. ఆ లెక్కన 2,500 క్యాండెలాకు 100 మీటర్లు వస్తాయి, 200 మీటర్లు కావాలంటే 10,000 క్యాండెలా ఉండాలి. మెట్లు దిగేవారికి ఆ దూరంతో పనేమిటి? సన్నటి కిరణం ఒక్క మెట్టు మీద కళ్లు జిగేలుమనేలా పడుతుంది, పక్కనున్నది పాదమో పామో తెలియదు. అద్దం మీద మెత్తటి పొర ఉండి, వెడల్పుగా, సమంగా పరచుకునే 50 నుంచి 100 ల్యూమెన్ల వెలుగు ఆవిడకు చాలు.

ఆ ప్రమాణంలోనే ఇంకొక కిటుకు ఉంది. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క, మొదటి వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా సాగుతుంది. కాబట్టి వెయ్యి ల్యూమెన్లతో ఎనిమిది గంటలని రాసిన టార్చి కొద్ది నిమిషాలకే మసకబారి మిగతా కాలమంతా నీరసంగా వెలిగినా, రాత అబద్ధం కాదు. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది, కానీ ఆ పరీక్ష మంచినీటితోనే; హార్బరులో పడవల మీద వాడేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

కంచరపాలెం నుంచి
వెలుగు విషయంలో భీమిలి వారితో నాకు పేచీ లేదు. సెల్లులు కారతాయన్నదీ నిజమే, అయితే ఛార్జి చేసుకునే నికెల్ పెన్సిల్ సెల్లులకు ఆ బెడద చాలా తక్కువ. వోల్టేజి 1.5 బదులు 1.2 అయినా మంచి టార్చిలు దానితో సరిగానే వెలుగుతాయి, అత్యవసరమైతే ఏ కిరాణా కొట్టులో దొరికే సెల్లునైనా వేయవచ్చు.

పెదవాల్తేరు నుంచి
18650 అనే, పెన్సిల్ సెల్లుకన్నా లావైన, ఛార్జి చేసుకునే లిథియం సెల్లుతో వచ్చేవి రెండు వైపులా సరిపోతాయా? ఛార్జింగు టార్చిలోనే ఉంటుంది, సెల్లు బయటికీ వస్తుంది.

సీతమ్మధార నుంచి
చేతి ఒడుపు ఉన్నవారికి అది చక్కటి మార్గం, కానీ ఆ సెల్లు మీ వీధి చివర దొరకదు. ఆన్‌లైన్‌లో 9,900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి కొలత) అని అమ్మేవాటిని ముట్టుకోవద్దు. మంచి సెల్లే సాధారణంగా 3,500 ప్రాంతంలో ఆగుతుంది. అమ్మగారికైతే నా ఓటు ఇప్పటికీ లోపలి బ్యాటరీ ఉన్నదానికే, మీరు వెళ్లినప్పుడల్లా ఛార్జి చూసి వచ్చేటట్టయితే.

కంచరపాలెం నుంచి
వెళ్లలేని వారమే తుఫాను వస్తుందండీ. పెన్సిల్ సెల్లులదే కొనండి, మూత తిప్పడం పగటిపూటే ఒకటికి రెండుసార్లు అలవాటు చేయించండి.