చదరంగం పద్యంలో ‘నగ’మా, ‘నాగ’మా?

ప్రశ్న: గడి గడికీ గింజలు రెట్టింపు చేసే లెక్క చెప్పే పద్యం ఒకటుంది కదా. అబిడ్స్‌లో ఆదివారం దొరికిన పాత ప్రతిలో ‘వియన్నాగాగ్ని’ అని ఉంది. నోట విన్నది ‘వియన్నగాగ్ని’. ఏది సరి? పైగా పదాల వరసనే అంకెలు వేస్తే 51615 అని మొదలవుతోంది.

జవాబు: ‘నగ’మేనండీ. సంఖ్య ఉన్నంతవరకు పద్యం ఇది:

శరశశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చంపకమాల: న జ భ జ జ జ ర. మొదటి పాదంలో ఆరో గణం ‘వియన్న’, జగణం. ‘నా’ అని దీర్ఘమిస్తే యగణమై ఛందస్సు చెడుతుంది. లెక్కా చెడుతుంది: అంకెలను మాటలతో చెప్పే భూతసంఖ్యల్లో నగం 7, నాగం 8.

ఇక 51615 సంగతి. ‘అంకానాం వామతో గతిః’. మొదటి పదం ఒకట్ల స్థానం, అక్కణ్ణుంచి ఎడమకు నడవాలి. శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615.

మరొకరు: సముద్రాలు ఏడు కదా? అబ్ధి, పయోనిధి 7 ఎందుకు కాకూడదు?

జవాబు: పురాణంలో ఏడే. భూతసంఖ్యల్లో మాత్రం సముద్రానికి వాడుక 4. నమ్మకం కుదరకపోతే సరిచూడండి. 2ను 64 సార్లు వేసి గుణించి 1 తీసేస్తే వచ్చేదే ఈ సంఖ్య, కాబట్టి 3తో భాగం పోవాలి. అంకెల మొత్తం 87, పోతుంది. నాగం వేస్తే 88, దొరికిపోతుంది. కానీ 4 బదులు 7 వేస్తే మొత్తం 3 పెరుగుతుందంతే. 3 పరీక్ష దాన్ని పట్టుకోలేదు! రంధ్రమంటే ఖాళీ కదా అని 9 బదులు 0 వేసినా ఇదే గతి.

అందుకే 11 పరీక్ష. 2 యొక్క 10వ ఘాతం 1024ను 11తో భాగిస్తే శేషం 1. కనుక 64వ ఘాతం శేషం 16లాగే 5, ఒకటి తీస్తే 4. ఒకట్ల నుంచి లెక్కపెట్టి బేసి స్థానాల అంకెల మొత్తంలోంచి సరి స్థానాలది తీసేస్తే, 11తో శేషం అసలు సంఖ్యదే వస్తుంది. పద్యంలో బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాలది 25, తేడా 37, శేషం 4. కుదిరింది. రెండు సముద్రాలూ 7 చేస్తే తేడా 43, శేషం 10. రంధ్రం 0 అయితే 28, శేషం 6.

ఇంకొకరు: చివర 616 అని కొందరంటారే?

జవాబు: 616తో ముగిసేది 2 యొక్క 64వ ఘాతం. గడుల్లోని మొత్తం దానికి ఒకటి తక్కువ. అరవై నాలుగో గడిలో ఒక్కదానిలోనే 9223372036854775808 గింజలు. మిగతా 63 గడులూ కలిపినా దీనికి ఒక్క గింజ తక్కువే.