హై పార్క్‌లో సిటీ వాళ్లే మంట పెడతారంట, బాబుకి ఆస్తమా, ఏం చెయ్యాలి?

కిటికీపక్క:
అందరికీ నమస్తే. మేము టొరంటోలో హై పార్క్ స్టేషన్ దగ్గర అపార్ట్‌మెంట్‌లోకి నవంబర్‌లో మారాం, పార్కు కనిపిస్తుందని రెంట్ ఎక్కువైనా తీసుకున్నాం. నిన్న లిఫ్ట్ పక్కన నోటీసు, ఏప్రిల్‌లో పార్కులో "ప్రిస్క్రైబ్డ్ బర్న్" అంట, అంటే కావాలనే నిప్పు పెడతారు! డేట్ లేదు, వాతావరణాన్ని బట్టి అన్నారు. మా వాడికి ఆరేళ్లు, ఇన్‌హేలర్ మీద ఉన్నాడు. 2023 జూన్‌లో అడవుల పొగ వచ్చినప్పుడే ఇంట్లో బందీలమైపోయాం, ఇప్పుడు వీళ్లే ఎందుకండీ పెట్టడం? చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓక్‌నీడ:
కంగారు పడకండి, 20 ఏళ్లకు పైగా చేస్తున్నారు. నేను అక్కడ బక్‌తార్న్ పొదలు పీకే వాలంటీర్ పనికి వెళ్లేదాన్ని. పార్కు 161 హెక్టార్లు, మొత్తం కాల్చరు, ఏడాదికి కొన్ని ముక్కలే, మిగతా చోట పురుగులూ సీతాకోకచిలుకలూ బతకాలి కదా. అది బ్లాక్ ఓక్ సవన్నా, అంటే దట్టమైన అడవి కాదు, చెట్టుకీ చెట్టుకీ దూరం, మధ్యలో గడ్డీ పూలూ. ఒకప్పుడు ఇక్కడి ఆదివాసీలే కాల్చేవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు మంటలు ఆపేసరికి పొదలు కమ్మేసి ఓక్ మొలకలకి ఎండ లేకుండా పోయింది. కార్నర్ బ్లూ అని చిన్న నీలం సీతాకోకచిలుక, దాని గొంగళిపురుగు లూపిన్ ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు, ఒకప్పుడు ఈ పార్కులోనే ఉండేది, ఇప్పుడు ఒంటారియో మొత్తంలో లేదు.

మంట పెట్టడం చూడాల్సిందే. చేతిలో ఇంధనం ఉన్న డబ్బా, దాని మూతి దగ్గర వత్తి మండుతుంటుంది, వంచితే నిప్పు చుక్కలు చుక్కలుగా కారుతుంది. గాలి ఎటు పోతోందో ఆ చివర ముందు అంటిస్తారు, మంట గాలికి ఎదురు మెల్లగా పాకి నల్లటి పట్టీ మిగులుస్తుంది, తర్వాత ఇవతలి వైపు అంటిస్తే అది పరిగెత్తుకుంటూ అక్కడిదాకా వచ్చి తినడానికేం లేక ఆరిపోతుంది. కాలేది ఎండాకులూ గడ్డీనే. పెద్ద ఓక్‌ల బెరడు మందం, వాటికేం కాదు.

నాగలిమేడి:
మన దగ్గర రైతు వరి కొయ్యలు కాలిస్తే ఫైన్ అంటారు, ఇక్కడ సిటీ కాలిస్తే సైన్స్ అంటారు. బాగుంది.

విప్పచెట్టు:
అన్నా రెండూ ఒక్కటి గాదు. మా ఆదిలాబాద్ దిక్కు ఎండకాలం వస్తే విప్పపువ్వు ఏరనీకి చెట్టుకింద ఆకులకు అంటువెడ్తరు, తునికాకు మంచిగ చిగురువెట్టాల్నని గూడ పెడ్తరు. పెట్టి ఇంటికి పోతరు, గాలి లేస్తే గుట్ట మొత్తం ఎక్కుతది. మా నాయిన ఫారెస్టోళ్లతోని ఫైర్ లైన్ల పనికి పోయెటోడు, ఎండలు ముదరకముందే గడ్డి కోసి ఆ పట్టీ కాల్చి, ఆరిందా లేదా అని చేతితోని బూడిద ముట్టి చూసి గని వచ్చెటోడు కాదు. ఈడ చేసేది గా పనే.

ఓక్‌నీడ:
@కిటికీపక్క గారూ, ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది, పార్కు గేట్ల దగ్గర బోర్డులు పెడతారు. ఒక మధ్యాహ్నం పని. కిటికీలు మూసి, కిచెన్ బాత్రూమ్ ఫ్యాన్లు ఆపెయ్యండి, అవి బయటి గాలిని లోపలికి లాగుతాయి. పొగ తక్కువే అని నేను చెప్పినా ఆస్తమా పిల్లాడి విషయంలో నా మాట నమ్మొద్దు, డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి, వీలైతే ఆ పూట ఇంకెక్కడికైనా తీసుకెళ్లిపోండి.

కిటికీపక్క:
అప్‌డేట్: అయిపోయింది. బాబుని బ్రాంప్టన్‌లో అక్క వాళ్లింటికి పంపేశా. గాలి సరస్సు వైపు ఉంది, మాకు వాసన కూడా సరిగ్గా రాలేదు. మర్నాడు అమ్మతో వెళ్లి చూస్తే నేల మాడిన పెనంలా ఉంది, ఓక్ మొదళ్లకి మోకాలెత్తు మసి, పైన కొమ్మలకి ఏమీ కాలేదు. అమ్మ అయితే "ఇంత బూడిద, ఎన్ని అంట్లు తోముకోవచ్చో" అని ఒకటే గోల. లూపిన్ పూలు ఎప్పుడొస్తాయండీ? అమ్మ ఫ్లైట్ జూన్ 10న.

ఓక్‌నీడ:
మే చివర్లో మొదలవుతాయి, చూసే వెళ్తారు. బాట దిగొద్దు, టిక్స్ ఉంటాయి, మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివి. అమ్మగారిని చీర కాకుండా ప్యాంటు వేసుకుని సాక్సుల్లో దోపుకోమనండి, ఒప్పుకుంటే!