అప్‌డేట్: పొల్లు గుర్తు దగ్గర తడబడిన కీబోర్డు సరైంది

నా 61 కీల ప్రోగ్రామబుల్ (ఏ కీ ఏం చేయాలో మనమే మార్చుకోగల) కీబోర్డు మీద ‘విజయనగరం’ అని సరిగ్గానే పడుతుండగా, ‘శ్రీకాకుళం’ అని టైపు చేయబోతే మాత్రం బ్రౌజరులో డౌన్‌లోడ్ల జాబితా తెరుచుకుంటోందని నేను ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

లోపం నేను చేసుకున్న అమరికలోనే ఉంది. భారతీయ భాషల కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో, ఒత్తులు రాయడానికి వాడే పొల్లు గుర్తు (్) డి కీ మీద ఉంటుంది. ఆ కీనే నేను నొక్కి వదిలితే అక్షరంగానూ, నొక్కి పట్టుకుంటే కంట్రోల్‌గానూ పనిచేసేలా పెట్టుకున్నాను. ఈ తేడాను తేల్చే గడువు క్యూఎంకేలో (కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో) మామూలుగా 200 మిల్లీసెకన్లు కాగా, నా వేలు అంతకు మించి ఆగినప్పుడల్లా, రకారం కోసం నొక్కిన జె కాస్తా బ్రౌజరులో డౌన్‌లోడ్ల జాబితాను తెరిచే కంట్రోల్-జె అయ్యేది. ‘విజయనగరం’లో ఒత్తు లేనందువల్ల ఆ ఊరి పేరుకు ఇబ్బంది రాలేదు.

గడువును 250కి పెంచితే తప్పులు తగ్గాయి గాని పోలేదు. చివరికి ఒకరు సూచించినట్టు వయాలో (కీల పనులు మార్చే యాప్‌లో) డి కీని మామూలు కీగా మార్చి, కంట్రోల్‌ను క్యాప్స్ లాక్ స్థానంలో పెట్టాక సమస్య పూర్తిగా తీరింది. తెలుగులో టైపు చేసేవారు డి కీకి రెండో పని అప్పగించకపోవడమే మేలని నా అభిప్రాయం. అమరిక కీబోర్డులోనే నిలిచి ఉంటుంది కనుక ఆఫీసు కంప్యూటరులోనూ ఇలాగే పనిచేస్తోంది.

కీ కింది స్విచ్‌తో గాని, కేబుల్‌తో గాని ఈ సమస్యకు సంబంధం లేదు; వాటిని మార్చాల్సిన పని లేదు.