సమస్యాపూరణం: “ప్రాస వలదు బాలపద్యములకు”

ఇచ్చిన పాదాన్ని (సమస్యను) చివర నిలిపి, మిగతా పద్యం అల్లడమే పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. పిల్లలకు ప్రాసంటే ప్రాణం కదా, మరి వద్దనడం ఎలా పొసగుతుందో చూపించండి.

మొదటి పూరణ:

చెవికి నాటు మాట చిరకాల ముండును
తాళమున్న పాట తలకు నెక్కు
ఎవరు చెప్పిరయ్య యిట్టి వింతను మీకు
“ప్రాస వలదు బాలపద్యములకు”?

నడక హాయిగా ఉంది. కానీ ‘ఎవరన్నారు?’ అని సమస్యను తిప్పికొట్టడం మనందరికీ అలవాటైన దొడ్డిదారి. ‘నెక్కు’ తర్వాత సంధి చేయకుండా అచ్చుతో (‘ఎవరు’) మొదలుపెట్టారు. వాక్యం అక్కడ ముగిసింది కాబట్టి వదిలేస్తున్నాను.

రెండో పూరణ, ఒక టీచరుగారిది:

ఆటవెలదితోడ నారంభ మొనరించి
యతిని మొదట నేర్ప నదియె చాలు
కంద మెదుట నిలుచు కాలంబు వఱకైన
ప్రాస వలదు బాలపద్యములకు

భేష్! ఆటవెలదికి ప్రాస నియమం లేదు, కందానికి తప్పనిసరి. సమస్యలో ఉన్న మాటను అబద్ధం చేయకుండానే గెలిచారు. అయితే క్లాసులో ఒక చిక్కుంది. పిల్లలు ప్రాస అనగానే పాదం చివర చూస్తారు. అది అంత్యప్రాస. పద్యంలో ప్రాస అంటే అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం. ఆ అక్షరం దగ్గర చప్పట్లు కొట్టిస్తే త్వరగా పట్టుకుంటారు.

మూడో పూరణ:

అర్థమెల్ల పోయి యక్షర మొకటైన
నోట నిలుచు గాని మనసు పడదు
జుట్టు పట్టి యీడ్చి చొప్పించినట్టిదౌ
ప్రాస వలదు బాలపద్యములకు

మూడో పాదానికి పగలబడి నవ్వాను. కానీ రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి, మధ్యలో నియమించిన చోటి అక్షరం జత కుదరడం) తప్పింది: ‘నో’కు ‘మ’ చెల్లదు. “నోట నిలుచు గాని మాట కాదు” అంటే? నోట, మాట: రెండో అక్షరం కలిసింది, యతికి బదులుగా చెల్లే ప్రాసయతి కుదిరింది. భావం కూడా ఇంకాస్త పదునెక్కింది.

కవిగారి జవాబు: సవరణకు ధన్యవాదాలండీ. ‘నోట’కు జోడీ చెప్పమంటే మా చిన్నది కోట, పీట, పుట, చివరికి ‘ఓటు’ కూడా అంది. అన్నీ చెల్లుతాయా?

‘ఓటు’ చెల్లుతుంది! హల్లు ఒకటైతే చాలు, దాని మీది అచ్చు మారినా ఫర్వాలేదు. ‘పుట’ మాత్రం కుదరదు. ‘ట’కు ముందున్న అక్షరాలు ఒకే రకం కావాలి; ఇక్కడ ‘నో’ గురువు (సాగేది), ‘పు’ లఘువు (పొట్టిది).