డారెల్ రెవిస్ ఆటని ఎలా చూడాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్తే అండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి ఈ ఏడాదే హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కార్నర్‌బ్యాక్‌గా (అవతలివాళ్లకి పాస్ అందకుండా కాపలా కాసేవాడిగా) చేరాడు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. వాడితో ఆట గురించి నాలుగు మాటలు మాట్లాడాలని అదే స్థానంలో ఆడిన రెవిస్ పాత మ్యాచ్‌లు చూస్తున్నాను. 2007లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ అతన్ని 14వ పిక్‌గా తీసుకున్నారు. 2009లో అవతలి జట్టులోని మేటి రిసీవర్లను (పాస్ అందుకునేవాళ్లను) ఒంటిచేత్తో ఆపేవాడు, అందుకే ఆ వైపుని 'రెవిస్ ఐలాండ్' అనేవాళ్లు. 2012లో మోకాలి లిగమెంట్ తెగినా, 2014 సీజన్‌లో పేట్రియట్స్ జట్టుతో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు.

కెరీర్ మొత్తంలో ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల పాస్‌ని మధ్యలో పట్టేయడం) 29. అసలు బంతి అటువైపు వేయనివ్వకపోవడమే గొప్ప అంటారు, ఒప్పుకుంటాను. కానీ టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అయిన రెండు సెకన్లకే రెవిస్ కనబడడు! ఆ కాస్త సమయంలో ఏం గమనించాలి? అడుగులా, నడుం తిప్పే తీరా, రిసీవర్‌ని సైడ్‌లైన్ వైపు నెట్టడమా? మ్యాన్ కవరేజా (ఒక్కో రిసీవర్‌కి ఒక్కో కాపలా), జోనా (ఒక్కొక్కరూ మైదానంలో ఒక్కో భాగాన్ని కాయడం) అన్నది స్నాప్‌కి ముందే ఎలా పోల్చుకుంటారు? మోకాలి దెబ్బ తర్వాత అతని ఆటలో మార్పు పసిగట్టినవాళ్లు ఉంటే అదీ చెప్పండి, నాకైతే అందలేదు.

శుక్రవారం రాత్రి మావాడి మ్యాచ్ ఉంది. ఆలోగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.