ఫస్ట్ అప్పీల్ వెనక్కి తీసుకుంటేనే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చా?

కందుకూరు తమ్ముడు:
మా బావ 2022లో హవల్దార్‌గా రిటైరయ్యాడు. మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం వేసి, సర్వీసు వల్ల వచ్చింది కాదని రాసేసింది. డిసేబిలిటీ పెన్షన్ రిజెక్ట్. దాని మీద డిపార్ట్‌మెంట్‌కే ఫస్ట్ అప్పీల్ వేసి ఏడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. అది విత్‌డ్రా చేసి సాయుధ దళాల ట్రిబ్యునల్ (ఏఎఫ్‌టీ) చెన్నై బెంచికి పొమ్మంటున్నారు. లెటర్ ఎలా రాయాలన్నా?

ఒంగోలు సుబేదార్:
లెటర్ రాయబాకండి. 2007 ఏఎఫ్‌టీ చట్టం సెక్షన్ 21 చూడండి: అప్పీల్ వేసిన ఆరు నెలల్లో ఆర్డర్ రాకపోతే డిపార్ట్‌మెంట్ దారి వాడుకున్నట్టే లెక్క. మీ చేతిలో ఉన్న బలమే ఆ పెండింగ్ అప్పీల్. వెనక్కి తీసుకుంటే, ముందు అప్పీల్ వేసి రమ్మంటారు. సెక్షన్ 22 ప్రకారం ఆ ఆరు నెలల తర్వాత ఇంకో ఆరు నెలలే గడువు, అంటే మీకు మిగిలింది ఐదు. దాటితే ఆలస్యం మాఫీకి వేరే అర్జీ పెట్టాలి. అరియర్స్ కూడా మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు.

రిజెక్షన్ లెటర్, అప్పీల్ కాపీ, స్పీడ్‌పోస్ట్ రసీదు, డిశ్చార్జ్ బుక్కు, బోర్డు కాగితం (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16) జతచేయండి. ఆ ఫారంలో కారణాల గడి చూడండి. ఎందుకు సర్వీసు వల్ల కాదో రాయకుండా ఊరికే 'కాదు' అని తేల్చేసి ఉంటే 2013 ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు పట్టుకోవచ్చు. చేరేటప్పటి మెడికల్‌లో బీపీ నోట్ కాకుండా ఉండాలి, అది ముఖ్యం.

నెల్లూరు వకీలు:
విత్‌డ్రా మాట వచ్చేది ట్రిబ్యునల్‌లో ఓఏ (అసలు దరఖాస్తు) వేశాక. అప్పుడు కూడా ఏదో ఒక కోరిక మర్చిపోతే సవరణ అర్జీ చాలు. ఎక్కువమంది మర్చిపోయేది 30 శాతాన్ని 50కి రౌండ్ చేయమని అడగడం (సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు, 2014). తప్పనిసరై ఉపసంహరిస్తే 'మళ్లీ దాఖలు చేసుకునే స్వేచ్ఛతో' అన్న ముక్క మెమోలో ఉంటే చాలదు, ఆర్డర్‌లోకీ రావాలి. ఉత్తగా 'విత్‌డ్రా అయినందున కొట్టివేత' అని వస్తే అదే విషయం మీద రెండోసారి తలుపు తెరుచుకోవడం కష్టం. ఆర్డర్ కాపీ చదవకుండా చెన్నైలో రైలెక్కొద్దు.

కందుకూరు తమ్ముడు:
రసీదు మీద తేదీ చెరిగిపోయింది సార్. బోర్డు కాగితం కూడా లేదు.

ఒంగోలు సుబేదార్:
రెండూ ఒకే ఆర్టీఐలో అడగండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, బావ సంతకంతో రికార్డ్స్ ఆఫీసుకు: అప్పీల్ అందిన తేదీ, డైరీ నంబర్, బోర్డు కాగితం కాపీ. గడువు 30 రోజులు. మీకున్న ఐదు నెలల్లో ఒక నెల దానికే పోతుంది, ఈ వారమే పంపండి.