సవరల ఇడితాల్ బొమ్మ పెళ్లి పందిట్లో ఉండవచ్చునా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మొన్న మాఘమాసంలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి మండపం వెనుక ఎర్రమట్టి రంగు ఫ్లెక్సీ కట్టారు. దాని నిండా సన్నని తెల్లటి మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు. అందరమూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగాము. భోజనాల దగ్గర, సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర గిరిజన ఉపాధ్యాయుడు, "మా తాత చనిపోయినప్పుడు మా ఇంటి గోడ మీద ఇలాంటిదే వేయించారండీ, మేము పూజకు వేసే ఈ బొమ్మను ఇడితాల్ అంటాము" అని నెమ్మదిగా అన్నారు. అప్పటి నుంచి ఆ ఫొటోలు చూడబుద్ధి కావడం లేదు. జరిగింది తప్పేనా, లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

కోట కూడలి (విజయనగరం):
అతిగానే ఆలోచిస్తున్నారు. ఇడితాల్ పోయినవారి కోసమే వేసేది కాదు. జబ్బులు తొలగాలని, పంట పండాలని, సంతానం కలగాలని కూడా వేస్తారు. అదీగాక అరువు తెచ్చుకోని నేత మన దేశంలో ఏది? ఉప్పాడ జాందానీ పద్ధతి బెంగాల్‌ది. పోచంపల్లి ఇక్కత్‌కు చీరాల రుమాళ్లు దారి చూపాయి. మనం మామిడిపిందె అనుకునే నమూనా కాశ్మీరు శాలువాల మీదుగా స్కాట్లాండు చేరి, పేస్లీ అనే ఊరి పేరుతో లోకమంతా తిరుగుతున్నది. ప్రతి గీతకూ అనుమతి అడుగుతూ కూర్చుంటే చీరకు అంచే మిగలదు.

పొందూరు వాకిలి:
కూడలి గారి మాట సగం ఒప్పుకుంటాను. అయితే ఉప్పాడకు వచ్చింది మగ్గం మీద కూర్చుని నేర్చుకున్న పని. ఫ్లెక్సీకి ఎక్కింది రూపమొక్కటే. ఇడితాల్ వేసేటప్పుడు గోడను ఎర్రమట్టితో అలికి, కొన నలగగొట్టిన పుల్లను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, ముందుగా చుట్టూ అంచు గీసి ఆ తరువాతే లోపల నింపుతారు. పూజారి అయిన కుడాన్, దేవతనో పోయినవారినో పిలిచి అందులో ఉండమని వేడుకుంటాడు. వారి దృష్టిలో అది ఒకరికి కట్టి ఇచ్చిన ఇల్లు.

మా అమ్మ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతుంది. ఆ పళ్లు ఎంత సన్నమంటే గింజను అంటుకున్న నలుసు కూడా వాటికి చిక్కుతుంది. ఆ శ్రమ ఏదీ లేని మరమగ్గం గుడ్డను పట్నంలో ఒక కొట్టువారు పొందూరు ఖద్దరని చెప్పి నాకే అమ్మజూపారు. (నవ్వాలో ఏడవాలో తెలియలేదు.) 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా సంస్థ కొల్హాపురీని పోలిన చెప్పులు చూపించి మొదట ఆ పేరే ఎత్తనప్పుడు మనమంతా మండిపడ్డాము, 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పు అది. ఇటలీవారు చేస్తే తప్పయినది మన మండపాలవారు చేస్తే ముచ్చటవుతుందా?

రాజాం రోడ్డు:
సవర చిత్రకారులే గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్ముకుంటున్నారు. గోడ దిగితే అపచారమని మీరిక్కడ తీర్పు చెబితే ముందు దెబ్బ తగిలేది వారి పొట్టకే.

పొందూరు వాకిలి:
అమ్మకం తప్పని నేననలేదు. ఏది అమ్మాలో, ఏది ఇంట్లోనే ఉంచుకోవాలో ఎంచుకునే మాట వారిది కావాలి. ఆ ఫ్లెక్సీ డబ్బులో వారికి ముట్టినదెంత?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నిన్న అలంకరణ చేసినాయనను అడిగాను. అంతర్జాలంలో "వర్లీ పెళ్లి బొమ్మ" అని వెతికి, దొరికినది అచ్చు వేయించారట. మహారాష్ట్రలోని వర్లీ గిరిజనులలో పెళ్లి కోసమే ముత్తైదువులు గోడ మీద వేసే చౌక్ అనే బొమ్మ ఒకటి ఉన్నది, దాని మధ్య పాలఘట దేవి ఉంటుంది. ఈయనకు కావలసినది నిజానికి అదే. వర్లీ మనిషి ఒళ్లు కొనలు కలిసిన రెండు త్రికోణాలు. మా ఫ్లెక్సీ మీది మనుషులకు అంత పదునైన నడుము లేదు. ఈ తేడా చూపిస్తే "ఎవరు పోలుస్తారండీ" అన్నారు. ఉపాధ్యాయుడి సంగతి చెప్పాక మాత్రం, ఫోనులో ఆ బొమ్మను పెద్దది చేసి కాసేపు చూసి, శ్రావణంలో మరో పెళ్లి ఒప్పుకున్నానని, సీతంపేటలో ఎవరిని అడగాలో కనుక్కోమని కోరారు. ఆ ఉపాధ్యాయుడికి ఫోను చేయడానికి నాకింకా మొహం చెల్లలేదు.